విలన్ మీద జాలి పుట్టాలి, వాడి తప్పు మాత్రం తప్పుగానే ఉండాలి: రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కథని తిరగరాయడం ఎలా?

పక్కచూపు (ప్రశ్న; జవాబులు కింద, ఎవరిది వారి మారుపేరుతో)

గ్రిమ్ సోదరుల రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కథని ఆ పొట్టివాడి వైపు నుంచి తిరగరాస్తున్నాను. పద్నాలుగేళ్లు దాటినవాళ్ల కోసం. డ్రాఫ్ట్ సుమారు 4,000 పదాలు వచ్చింది. "నేను" అంటూ కథంతా వాడే చెప్పుకుంటాడు.

కథ మర్చిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు: పిండిమరవాడు తన కూతురు గడ్డిని బంగారంగా వడుకుతుందని రాజు దగ్గర కోతలు కోస్తాడు. రాజు ఆ పిల్లని గడ్డి నిండిన గదిలో పెట్టి తాళం వేస్తాడు. పొట్టివాడొకడు వచ్చి పని చేసిపెడతాడు. అందుకు వాడి ధర: మొదటి రాత్రి హారం, రెండో రాత్రి ఉంగరం, మూడో రాత్రి పుట్టబోయే బిడ్డ. ఆమె రాణి అయి బిడ్డని కన్నాక వాడొస్తాడు. మూడు రోజుల్లో తన పేరు చెప్పగలిగితే బిడ్డని వదిలేస్తానంటాడు. పేరు తెలిసిపోతుంది, వాడు ఓడిపోతాడు.

నా డ్రాఫ్టులో మొదటి 1,200 పదాలు వాడి చిన్నతనం: ఊరి వెక్కిరింతలు, తల్లి వదిలేయడం, అడవి బతుకు. తర్వాత మూడు రాత్రులు, ఆపైన బిడ్డ కోసం రావడం. చివర్లో రాణి క్షమాపణ చెప్పి వాణ్ణి కోటలోనే ఉంచుకుంటుంది. చదివిన ఇద్దరిలో ఒకరు "జాలేసింది గానీ ఎక్కడా భయమేయలేదు" అన్నారు. ఇంకొకరు "వాణ్ణి మంచివాణ్ణి చెయ్యడానికి ఆ అమ్మాయిని చెడ్డదాన్ని చేశారు" అన్నారు.

గతం ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి? "నేను" అని చెప్పించడం సరైనదేనా? ముగింపు మార్చినా ఇది అదే కథ అని గుర్తుపట్టాలంటే ఏవి కదపకూడదు? పైపై మాటలు కాకుండా, కూర్చుని మార్చుకోగలిగేలా చెప్పండి.

---

మూలప్రతి

ముందు ఆ 1,200 పదాలు తీసి వేరే ఫైల్లో పడెయ్యండి. తర్వాత మూలకథని పెన్ను పట్టుకుని చదవండి. ఎవరు ఎవరికి ఏం మాటిచ్చారు, ఎవరు నిలబెట్టుకున్నారు అన్నది ఒక్కటే రాసుకోండి.

పిండిమరవాడు గొప్ప కోసం అబద్ధమాడాడు. రాజు తెల్లారేసరికి పని కాకపోతే ప్రాణం తీస్తానన్నాడు. అయ్యాక ఇంకా పెద్ద గది చూపించాడు, అదీ అయ్యాక అంతకన్నా పెద్దది చూపించి పెళ్లి ఎర వేశాడు. అమ్మాయి బిడ్డనిస్తానంది గానీ, మనసులో "అప్పటికి ఏమవుతుందో ఎవరు చూశారు" అనుకుంది. ఇది నేను కల్పించింది కాదు, మూలంలో ఉన్నదే. ఇక పొట్టివాడు మూడు రాత్రులూ చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. హారం అన్నాడు, హారమే తీసుకున్నాడు. ఉంగరం అన్నాడు, ఉంగరమే తీసుకున్నాడు. పెళ్లి మాట నిలబెట్టుకున్న రాజుని పక్కన పెడితే, కథ మొత్తం గాలించినా మాట తప్పనివాడు వాడొక్కడే దొరుకుతాడు.

తర్వాత చూడండి. ఏడాదికి బిడ్డ పుడుతుంది. రాణికి వాడు గుర్తు కూడా లేడని కథ సూటిగా చెబుతుంది. వాడొచ్చి అడిగితే రాజ్యంలోని సంపదంతా ఇస్తానంటుంది. ఆ సంపదలో మూడు గదుల బంగారం ఎవరు వడికారు? వాడి చేతి పనినే వాడికి బేరం పెడుతోంది! వాడు వద్దంటాడు. గ్రిమ్ పుస్తకం 1857 నాటి ఏడో కూర్పులో వాడి జవాబు: లోకంలోని నిధులన్నిటికన్నా ప్రాణమున్నదేదైనా నాకు ఇష్టం. ఆమె ఏడుస్తుంది, వాడికి జాలేసి మూడు రోజుల గడువిస్తాడు. ఒప్పందంలో ఆ గడువు లేదు. ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. వాణ్ణి ముంచింది ఆ జాలే.

ఇంత సరుకు మూలంలోనే ఉండగా తల్లి వదిలేసిన కథ ఎందుకు? వెక్కిరింతలు, అనాథతనం ఏ విలన్‌కైనా అతుకుతాయి. అందుకే ఎవరికీ పట్టవు. "ప్రాణమున్నదేదైనా" అన్న మాట మాత్రం వీడొక్కడిదే. మీ 1,200 పదాలు చెప్పాలనుకున్నది ఆ ఒక్క వాక్యంలో ఉంది.

గతం ఎక్కడ పెట్టాలి అన్నారు. మొదట్లో మాత్రం వద్దు. నేరం జరగకముందే వకాల్తా పుచ్చుకున్నట్టుంటుంది. పాఠకుడు "ఓహో, వీడేదో చెయ్యబోతున్నాడు, నన్ను ముందే మెత్తబరుస్తున్నారు" అని పసిగడతాడు. బిడ్డని అడిగిన తర్వాత పెట్టండి. అప్పటికి పాఠకుడికి వాడి మీద కోపం ఉంటుంది, "ఎందుకిలా చేస్తున్నాడు" అన్న ప్రశ్న తనంతట తానే అడుగుతాడు. 4,000 పదాల కథకి 150 నుంచి 200 పదాల గతం చాలు. అది కూడా కథనంగా కాదు, వాడి ఇంటిగుండా చెప్పండి.

దానికి మూలంలోనే చోటుంది. మూడో రోజు రాణి మనిషి అడవిలో చూసింది గుర్తు తెచ్చుకోండి: చిన్న ఇల్లు, ముందు మంట, ఒంటికాలి మీద గెంతుతూ పాడే పొట్టివాడు. పాటలో ఏముంది? ఈరోజు రొట్టె కాలుస్తా, రేపు బీరు కాస్తా, ఎల్లుండి రాణి బిడ్డని తెస్తా. అందరూ దీన్ని గెలుపు పొగరుగా చదువుతారు. ఇంకోలా చదవండి: ఇంటికి మనిషి వస్తున్నాడని చేసుకునే ఏర్పాట్ల జాబితా అది. ఒక్కడికి ఎన్ని రొట్టెలు కావాలి? వాడు ఎన్ని కాలుస్తున్నాడు? చూస్తున్న మనిషి రొట్టెలు లెక్కపెడితే చాలు. పాలు తాగే బిడ్డకి రొట్టె దేనికని వాడికి తట్టకపోవడం కూడా అక్కడే తెలిసిపోతుంది. జాలి ఉంది, దాని పక్కనే "వీడి చేతిలో ఆ బిడ్డ బతుకుతుందా" అన్న భయమూ ఉంది. మీకు కావలసింది ఆ రెండూ కలిసిన చోటు.

---

ఎర్రసిరా

మూలప్రతి గారి పద్దులో ఒక ఖర్చు రాయలేదు. మూడో రాత్రి వాడు ఎలాంటి మనిషితో బేరమాడాడు? గదికి తాళం. పని కాకపోతే చావు. ఒంటి మీద ఇవ్వడానికి పూస కూడా మిగల్లేదు. అలాంటి మనిషి నోట వచ్చినదాన్ని "మాట" అని పట్టుకుని ఏడాది తర్వాత రావడం పెద్దమనిషి తనమా? రాజు చేసిన పనికీ దీనికీ తేడా కొలతలోనే ఉంది. ఆ గదిలో రాజు తర్వాత అంత క్రూరంగా ప్రవర్తించింది వీడే. దీన్ని కప్పేస్తే విలన్ మాయమై, ఒక మంచి పనివాడికి జరిగిన అన్యాయం మిగులుతుంది. పక్కచూపు గారి పాఠకుడికి భయమేయకపోవడానికి కారణం ఇదే.

ఏ కథ ఎంచుకున్నా నేను ముందు చూసేది ఒకటి: విలన్‌కి ఆగిపోయే అవకాశం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు కాదనుకున్నాడు. మంచుపిల్ల (స్నో వైట్) కథలో రాణికి నాలుగుసార్లు: వేటగాడు, నడుం బిగించే నాడా, విషపు దువ్వెన, ఆపిల్. పైగా ఊపిరితిత్తులు, కాలేయం వండించుకుని తింటుంది, అవి ఆ పిల్లవే అనుకుంటూ. ఆమెని సానుభూతితో రాయడం చాలా కష్టం, నాలుగుసార్లకీ నాలుగు వేర్వేరు కారణాలు చూపించాలి. "అద్దం ఆడించింది" అని తప్పుకుంటే కుదరదు. నిద్రపోయిన రాకుమారి కథలో పదమూడో మంత్రగత్తెది ఒకే దెబ్బ. రాజు దగ్గర బంగారు పళ్లేలు పన్నెండే ఉన్నాయని పదమూడో ఆమెని పిలవలేదు. అవమానం అందరికీ అర్థమవుతుంది, అందుకే చాలామంది ఈ కథ ఎంచుకుంటారు. తీరా రాశాక చిక్కు బయటపడుతుంది: పళ్లేల సంగతి తేల్చింది తండ్రి, శాపం తగిలింది ఉయ్యాలలో బిడ్డకి. ఆ దూరాన్ని పూడ్చకుండా ఎంత ఏడిపించినా లాభం లేదు.

మీ పొట్టివాడి దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. వాడికి ఆగే అవకాశం మూడో రాత్రి ఒకసారి, బిడ్డ పుట్టాక ఒకసారి వచ్చింది. మొదటిది వదిలేశాడు. రెండోది సగం పట్టుకున్నాడు, గడువిచ్చాడు. కాబట్టి మీ బలమంతా మూడో రాత్రి మీద పెట్టాలి. ఆ సీన్లో వాడికి ఇంకో దారి కనిపించాలి. పాఠకుడికి కాదు, వాడికే. ఉదాహరణకి అమ్మాయి "ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు, బాకీ ఉంటాను" అంటుంది. వాడు ఆ మాట విన్నాడు, ఒక్క క్షణం రాట్నం వైపు తిరిగాడు, మళ్లీ ఆమె వైపు తిరిగి బిడ్డని అడిగాడు. ఆ తిరగడాన్ని మూడు వాక్యాల్లో రాయండి. కారణం అక్కడ చెప్పకండి.

"నేను" సంగతి. ఉత్తమ పురుషలో రాస్తే వాడే తన వకీలు అయిపోతాడు. అదీ నడుస్తుంది గానీ ఒక షరతు: ఒక్క విషయంలో వాడు తనకి తానే అబద్ధం చెప్పుకోవాలి, అది పాఠకుడికి తెలియాలి. "ఆమె ఇష్టపడే ఇచ్చింది" అని పదేపదే అంటూ ఉంటాడు, సీన్లో మాత్రం ఆమె చేతులు వణుకుతుంటాయి. ఈ పని పదిహేను పేజీల పాటు జారకుండా చెయ్యడం తేలిక కాదు. ప్రథమ పురుషలో, అంటే "వాడు" అంటూ, వాడి భుజం వెనక నిలబడి రాయడమే నయం.

తెలుగులో రాసేవాళ్లకి ఇక్కడ ఒక అదనపు పనిముట్టు ఉంది, చాలామంది వాడరు. వాడు, అతను అన్నవే సగం తీర్పు చెప్పేస్తాయి. కోటలో సీన్లన్నీ "వాడు"తో నడిపి, అడవిలో ఇంటి దగ్గరికి వచ్చేసరికి "అతను" అనండి. మార్పు సీన్ విరిగేచోటే జరగాలి, కథ మొత్తానికి ఒక్కసారే. మధ్యలో అటూ ఇటూ మారితే ప్రూఫులు సరిగ్గా దిద్దలేదనుకుంటారు.

పిలుపులోనూ ఇంతే. మొదటి రాత్రి ఆమె పిండిమరవాడి కూతురు. తాళం వేసిన గదిలోకి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషిని "ఎవరండీ మీరు?" అంటుంది. ఏడాది తర్వాత రాణి హోదాలో "ఎవరు నువ్వు?" అంటుంది. వాడు ఆ తేడా వింటాడు. ఒక్క ముక్క వ్యాఖ్యానం అక్కర్లేదు. వెక్కిరింతల చిన్నతనం చెయ్యలేని పని ఈ రెండు ప్రశ్నలు చేస్తాయి. ఆమె చెడ్డదీ కాదు. రాణి అయినవాళ్లు అలాగే మాట్లాడతారు, అంతే.

అమ్మాయి గురించి మరొకటి. ప్రతి సీన్ రాశాక, అదే సీన్ని ఆమె వైపు నుంచి ఐదు వాక్యాల్లో రాసి చూడండి. కథలో పెట్టడానికి కాదు. ఆ ఐదు వాక్యాలు నిలబడకపోతే ఆమె బొమ్మ అయిందని అర్థం. ఆమె ఆశపోతుతనం చూపించి వాణ్ణి నిలబెట్టాలని చూస్తున్నారు. విలన్ కుర్చీ ఖాళీ చేసి ఇంకొకరిని కూర్చోబెట్టడం తిరగరాయడం కాదు. రాజు విషయంలోనూ ఇదే ప్రమాదం, వాడు చాలా తేలిగ్గా కొత్త రాక్షసుడైపోతాడు. రాజుని మనిషిగా చూపించే చోటు లేకపోతే తెర వెనకే ఉంచండి: తాళంచెవి శబ్దం, తలుపు సందులోంచి దీపం వెలుగు, "ఇంకో గది ఉంది" అన్న గొంతు.

---

కదురుమొన

కథ నిర్మాణం పైవాళ్లు చెప్పారు. వడకడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ కథకి గుండె అదే కదా.

ధాన్యం గడ్డి ఎందుకు వడకలేం? పురి పట్టడానికి పొడవైన, మెత్తని పోగులు కావాలి. ఎండుగడ్డి పెళుసు, మెలిపెడితే విరుగుతుంది. ఆ దేశాల్లో వడికేది అవిసె నార. అవిసె కాడలు చూడ్డానికి గడ్డిలాగే ఉంటాయి. వాటిని నానబెట్టాలి, విరగ్గొట్టాలి, బెరడు దులపాలి, ఇనప పళ్ల దువ్వెనతో దువ్వాలి, అప్పుడు గానీ పోగు రాదు. అమ్మాయికి వడకడం వచ్చే ఉంటుంది. కాబట్టి గడ్డి చూడగానే ఇది కాని పని అని చేతులకే తెలుస్తుంది. "ఏం చెయ్యాలో తెలియక ఏడ్చింది" అని రాయకండి. రెండు పరకలు తీసి, తడిచేసి, మెలిపెట్టి చూసిందని రాయండి. విరిగాయి. అప్పుడు ఏడ్చింది.

రాట్నం చప్పుడు మూలంలో ఉంది: గిర్రు గిర్రు గిర్రుమని మూడుసార్లు లాగేసరికి కండె నిండింది, ఇంకోటి పెట్టాడు. తెల్లారేదాకా ఇదే పని. మాయ అని వదిలెయ్యకండి, బరువు లెక్కేసుకోండి. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు. కండె మీద వంద ఘన సెంటీమీటర్ల బంగారం పడితే అదొక్కటే దాదాపు రెండు కిలోలు. దారం మధ్య ఖాళీలు తీసేసినా కిలో పైమాటే. నిండిన ప్రతి కండెనీ ఊడదీసి, కింద పెట్టి, ఖాళీది ఎక్కించాలి. గదంతా ఉంది. మాయ గడ్డిని బంగారం చేసింది గానీ కండెలు మొయ్యాల్సింది వాడి చేతులే అని ఒక నియమం పెట్టుకోండి. తెల్లారేసరికి వాడి వేళ్లు ముడుచుకోవు, హారం అందుకోవడానికి అరచెయ్యి చాపాల్సి వస్తుంది. పనివాడి మీద గౌరవం కలిగించడానికి ఇంతకన్నా దగ్గర దారి లేదు.

ఒంటి సంగతి కూడా. పొట్టివాడు, వంకరవాడు కాబట్టి చెడ్డవాడు అన్న పాత అలవాటు మీ కథలోకి తెలియకుండానే దూరుతుంది. విరుగుడు అదే గ్రిమ్ సంపుటంలో ఉంది. 14వ కథలో వడికే ముసలమ్మలు ముగ్గురు: ఒకామెకి రాట్నం తొక్కి తొక్కి పాదం చదునైంది, ఒకామెకి పోగు తడిపి తడిపి కింది పెదవి వేలాడింది, ఒకామెకి దారం మెలిపెట్టి బొటనవేలు వెడల్పయింది. పని ఒంటిని ఎలా మారుస్తుందో అంత కచ్చితంగా చెప్పిన కథ అది. మీది 55వ కథ. ఆ పాదమో, ఆ బొటనవేలో మీవాడికీ ఇవ్వండి. అమ్మాయి మొదటి రాత్రి దాన్ని చూసి అసహ్యపడాలి. మూడో రాత్రికి అదెలా వచ్చిందో తెలిసిపోవాలి.

---

పక్కచూపు

ముగ్గురికీ థాంక్స్. ముందున్న గతం తీసేశాను, ప్రథమ పురుషకి మార్చాను. మూడో రాత్రి ఇలా వచ్చింది:

"బాకీ ఉంటానండీ," అందామె. "ప్రాణం ఉంటే తీరుస్తాను."
వాడు రాట్నం వైపు తిరిగాడు. పెడలు మీద చదునైన పాదం పెట్టాడు. ఒక పరక తీసుకున్నాడు కూడా. గది ఆ చివర కనబడనంత పొడుగుంది. తలుపు అవతల కాపలావాడు దగ్గాడు.
పరక కింద పెట్టి వాడు ఆమె వైపు తిరిగాడు.
"పుట్టబోయే మొదటి బిడ్డ," అన్నాడు.
ఆమె నవ్వబోయింది. పాపం, వాడి కళ్లలో ఒంటరితనం చూసి ఆగిపోయింది. గడ్డి వైపు చూసింది. తలూపింది.
"నోటితో అనాలి."
"ఇస్తాను."
వాడు పరక మళ్లీ తీసుకున్నాడు.

ఇప్పుడు ముగింపు దగ్గర ఆగిపోయాను. రాణి వాణ్ణి కోటలో ఉంచుకోవడం ఇక అతకడం లేదు. మూలంలోలా కోపంతో రెండుగా చీలిపోయి చావడం మరీ మోటుగా ఉంది. ముగింపు మారిస్తే "అసలు కథ ఇది కాదు" అంటారేమోనని కూడా ఉంది.

---

రెండోకూర్పు

అసలు కథ అనేది ఒకటి లేదండీ. గ్రిమ్ సోదరులే ఒకటికి రెండుసార్లు మార్చారు. 1810 నాటి వాళ్ల చేతిరాత ప్రతిలో పిండిమరవాడి కోత లేదు, రాజు బెదిరింపు లేదు. అమ్మాయికి వడకమని అవిసె నార ఇస్తే ఆమె చేతిలో బంగారు దారమే వస్తుంది, మామూలు నూలు రాదు! అందుకు ఏడుస్తుంటే పొట్టివాడొచ్చి రాకుమారుడితో పెళ్లి చేయిస్తానంటాడు, బదులు బిడ్డని అడుగుతాడు. 1812లో అచ్చయిన మొదటి కూర్పులో పేరు విన్నది రాజే, వేట నుంచి తిరిగొచ్చి అడవిలో చూసిన వింత భార్యకి చెబుతాడు. వాడి అంతం కూడా అందులో మెత్తగానే ఉంది: "దెయ్యమే నీకు చెప్పింది" అని అరిచి కోపంగా వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. రెండుగా చీలడం తర్వాతి కూర్పుల్లో చేరింది.

మిగతా కథల్లోనూ ఇదే తంతు. మంచుపిల్ల కథలో 1812లో చంపాలని చూసింది కన్నతల్లి, 1819 నుంచి సవతి తల్లి అయింది. పొడుగు జడ రాపుంజెల్‌ని గోపురంలో పెట్టింది మొదట దేవకన్య లాంటి మనిషి, తర్వాత మంత్రగత్తె. సవతిని మళ్లీ కన్నతల్లి చేసి రాస్తే కథ ఎంత బిగుస్తుందో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి.

కాబట్టి గుర్తుపట్టడానికి కావలసినవి తక్కువే: గడ్డి బంగారం కావడం, మూడు రాత్రుల్లో ధర పెరగడం, బిడ్డ మీద బేరం, పేరు. ఈ నాలుగూ ఉంటే మిగతాది మీ ఇష్టం. పేరు తెలుసుకున్నది ఎవరు, ఎలా అన్నది కూడా మార్చుకోవచ్చు.

మీ పాత ముగింపు ఎందుకు అతకదంటే, క్షమాపణ అన్ని బాకీలనీ ఒకేసారి రద్దు చేస్తుంది. ఆమె మరిచిపోవడం, వాడు బిడ్డని అడగడం రెండూ తప్పులే. ఒక కౌగిలితో రెండూ చెల్లిపోతే అంతకుముందు మూడు రాత్రులు మీరు పడ్డ కష్టం వృథా. చీలిపోవడం మోటుగా ఉందన్నారు గానీ, అది మోటు కావడానికి కారణం తయారీ లేకపోవడం. మూలంలో కుడికాలు నేలకేసి కొడితే నడుం దాకా దిగబడుతుంది, రెండు చేతులా ఎడమకాలు పట్టుకుని తనని తానే చీల్చుకుంటాడు. ఈ కాలు ముందే రెండుసార్లు కనబడి ఉండాలి. కదురుమొన గారిచ్చిన చదునైన పాదం ఉందిగా. మొదటి రాత్రి రాట్నం తొక్కుతుంది, పాట దగ్గర గెంతుతుంది, చివర దిగబడుతుంది. అప్పుడు అది పిచ్చి కోపంలా ఉండదు. బతుకంతా పనిచేసిన కాలే వాణ్ణి పట్టేసింది.

నన్నడిగితే మీ కథకి 1812 ముగింపే సరిపోతుంది. అయితే వాడు వెళ్లిపోయేముందు ఒక నిమిషం ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. మూడో రోజు రాణికి పేరు తెలిసిపోయింది. తెలిసి కూడా వెంటనే చెప్పదు. "నీ పేరు కున్‌ట్సా?" కాదు. "హైన్‌ట్సా?" కాదు. వీధికి నలుగురికి ఉండే మామూలు పేర్లు. ఆ తర్వాతే అసలు పేరు. ఎందుకలా చేసింది? ఆడుకుందా, భయంతో నోరు పెగల్లేదా, వాడు ఇంకొక్క క్షణం ఆశపడనీ అనుకుందా? మీ కథలో దాచిపెట్టిన బలం ఇక్కడుంది. ఆమెకి రెండు కారణాలు ఇవ్వండి, ఏదో తేల్చకండి. మీరు వాడి భుజం వెనక ఉన్నారు కాబట్టి వాడికి కనిపించేదే రాస్తారు: ఆమె గొంతు వణకడం లేదు, బిడ్డని పట్టుకున్న చేతులు మాత్రం వణుకుతున్నాయి.

పేరు పలికినప్పుడు వాడికి ఏమవుతుందో కూడా ఆలోచించండి. వాడి పేరు వాడి పాటలో తప్ప ఎక్కడా వినబడదు, ఇంకొకరు పలకడం ఇదే మొదటిసారి. ఓటమి, అది రెండూ ఒకే క్షణంలో. "దెయ్యమే చెప్పింది" అన్న అరుపుకి ముందు ఒక ఆగుదల పెట్టండి. ఎంత సేపు అంటే, ఇంకో మనిషి నోట తన పేరు ఎలా ఉందో విన్నంత సేపు.

హక్కుల సంగతి అడగలేదు గానీ చెబుతున్నాను: గ్రిమ్ కథలు ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరి సొత్తూ కావు. ఈ మధ్య వచ్చిన అనువాదాల్లో వాక్యాలు మాత్రం ఆ అనువాదకులవి. సినిమాల్లో చేర్చినవీ అంతే. మంచుపిల్ల కథలో ఏడుగురు మరుగుజ్జులకి గ్రిమ్ పేర్లు పెట్టలేదు, ఇప్పుడు అందరికీ తెలిసిన పేర్లు 1937 కార్టూన్ సినిమా నుంచి వచ్చినవి. పాత జర్మన్ మూలం నుంచి కథాంశం తీసుకోండి, మాటలు మీవి పెట్టుకోండి.

---

ఎర్రసిరా

మీరు పెట్టిన ముక్క బాగుంది. కాపలావాడి దగ్గు బాగా పడింది, రాజుని తీసుకురాకుండానే రాజు ఉన్నాడు. "నోటితో అనాలి" దగ్గర మొదటిసారి భయమేసింది, దాన్ని ముట్టుకోకండి.

ఒక్క వాక్యం మాత్రం మొత్తం పాడుచేస్తోంది: "పాపం, వాడి కళ్లలో ఒంటరితనం చూసి ఆగిపోయింది." ప్రాణభయంలో ఉన్న పిల్ల ఎదుటివాడి ఒంటరితనం చూడదు. అది చూస్తున్నది మీరు. కొట్టేసి చదవండి: "ఆమె నవ్వబోయింది. గడ్డి వైపు చూసింది. తలూపింది." నవ్వు ఎందుకు ఆగిందో గడ్డే చెబుతోంది.

"పెడలు" కూడా తీసెయ్యండి, ఆ గదికి నప్పలేదు, "రాట్నం తొక్కుడుబల్ల" అంటే చాలు. ఫైలు మొత్తంలో "పాపం", "ఒంటరి", "కన్నీ" అని వెతకండి. కథ చెప్పేవాడి నోట వచ్చినవన్నీ పోవాలి. పాత్రలు ఒకరితో ఒకరు అన్నవి ఉంచుకోవచ్చు. ముఖ్యంగా రాణి వాడితో "పాపం" అంటే ఉంచండి, అది మీ పాఠకుడికి ఒళ్లు మండిస్తుంది.